ఫొటో బెల్టు

రెండు బెల్టులు, నలుగురు మనుషులు, రెండు ఫొటోలు. లెక్క సరిపోయింది.

మూడంతస్తుల ఆసుపత్రి డాబా మీద, క్రేను నుంచి యూనిట్ అందుకోవడానికి పిట్టగోడ పగలగొట్టిన చోట, ముందు వెల్డరూ పైపుల ఫిట్టరూ బెల్టులు కట్టుకుని నిలబడ్డారు. సూపర్వైజరు ఫోను అడ్డంగా పట్టుకున్నాడు.

"హెల్మెట్లు సరిగ్గా పెట్టుకోండి. బొటనవేళ్ళు ఎత్తండి. వెల్డరన్నా, కాస్త నవ్వు. ఆసుపత్రి డాబా ఎక్కావు గానీ ఆసుపత్రిలో చేరలేదు."

వెల్డరు తన నడుం దగ్గర వేలాడుతున్న ఇనప కొక్కేన్ని ఎత్తి చూపించాడు. "దీన్ని దేనికి తగిలించమంటారు సార్? మీ చూపుడు వేలికా?"

"కొక్కెం ఫొటోలో కనబడితే చాలు. దేనికి తగిలించావో చూడొచ్చేదెవడు?"

ఫొటో పడింది. అవే బెల్టులు విప్పి మేస్త్రీకీ, క్రేనుకు సైగలు చేసే తాతకూ కట్టారు. రెండో ఫొటో పడింది. రెండూ ఆసుపత్రి వాళ్ళ గ్రూపులోకి వెళ్ళిపోయాయి. కింద ఎవరో గదిలో కూర్చున్న పెద్దమనిషి చప్పట్ల బొమ్మ పంపించాడు.

మేస్త్రీని అందరూ రసమట్టం అంటారు. చొక్కా జేబులో జానెడు రసమట్టం లేనిదే ఇల్లు కదలడు. ఇంట్లో మంచం కోళ్ళ కింద కూడా అట్టముక్కలు పెట్టి మట్టం సరిచేశాడని వెల్డరు ఊరంతా చెప్పాడు. అది అబద్ధం కాదు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా బతికి లేదు.

రెండో ఫొటో పడగానే రసమట్టం అనాల్సిన మాట ఒకటుంది. "విప్పండి, బండి వెళ్ళిపోతోంది." కంపెనీకి మూడు సైట్లున్నాయి, బెల్టులు రెండే ఉన్నాయి. ఇక్కడ ఫొటో కాగానే సంచిలో కుక్కి, సూపర్వైజరు బైకు మీద రెండో సైటుకు, అక్కణ్ణుంచి మూడో సైటుకు. కొని మూడేళ్ళయింది. ఒక్క చెమట మరక లేదు. కొక్కేనికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఒక పక్క ఇంకా అలాగే ఉంది. మనిషిని పట్టుకోవాల్సిన బెల్టు మూడేళ్ళుగా కెమెరానే పట్టుకుని వేలాడుతోంది.

ఈరోజు రసమట్టం ఆ మాట అనలేదు.

"చెప్పండి మేస్త్రీ గారూ, టైమవుతోంది" అన్నాడు సూపర్వైజరు సంచి తెరిచి పట్టుకుని.

రసమట్టం తన బెల్టు తానే విప్పాడు. తాత కూడా విప్పుకుని సంచిలో పడేశాడు. "ఏంటి మేస్త్రీ, ఇవాళ అరుపు లేదు? టీ పడలేదా?"

బైకు సందు మలుపు తిరిగేదాకా రసమట్టం చూస్తూనే ఉన్నాడు. తర్వాత పనిలో పడ్డాడు.

వచ్చినవి రెండు కండెన్సింగ్ యూనిట్లు. ఏసీకి బయట ఉండే పెద్ద పెట్టెలు. లోపలి వేడినంతా మోసుకొచ్చి ఆకాశంలో పారబోసేవి. ఒక్కోటి మూడొందల యాభై కిలోలు. వాటి కోసం పిట్టగోడ వెంబడి ఇనప ఫ్రేము వేశారు. నక్షా గీసిన మహానుభావుడు డాబా మొహం చూశాడో లేదో గానీ, యూనిట్ తలుపు గాలివైపుకి గీశాడు. రేపు ఏ మెకానిక్కో దాన్ని తెరవాలంటే పక్షి అయి పుట్టాలి.

"తలుపు ఇటు తిప్పి పెడతాం" అన్నాడు రసమట్టం.

"నక్షాలో అటు ఉంది కదా" అన్నాడు ఫిట్టరు.

"నక్షా గీసినవాణ్ణి వచ్చి అటు నిలబడి తెరవమను. పైపులు నాలుగడుగులు పెరుగుతాయి, అంతే. ఫ్యాన్ల వెనక గాలి తీసుకోవడానికి మూరెడు జాగా వదులు. కొలిచి గీత పెట్టు."

క్రేను కొక్కెం యూనిట్ని నేల మీంచి లేపింది. పెట్టెకి చుట్టిన స్లింగు పట్టీలు బిగుసుకున్నాయి. రసమట్టం కిందికి వంగి అరిచాడు: "జానెడు లేపి ఆపు! ముందు బరువు సరిగ్గా కూర్చుందో లేదో చూడు!" పెట్టె ఒక పక్కకి ఒరిగింది. కంప్రెసర్ ఉన్న పక్క ఎప్పుడూ బరువే. దింపించి, స్లింగు జరిపించి, మళ్ళీ లేపించాడు. ఈసారి తిన్నగా లేచింది. కింది మూలకి కట్టిన తాడు డాబా మీదికి విసిరితే వెల్డరు పట్టుకున్నాడు.

మూడో అంతస్తు దాటేసరికి గాలి తగిలింది. పెట్టె నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. తిరగకుండా ఆపాలంటే తాడు లాగాలి. లాగాలంటే అంచుకు రావాలి. పగలగొట్టిన పిట్టగోడ మధ్య వెల్డరు పాదాలు, పాదాల ముందు ఇటుక పొడి, దాని తర్వాత ఏమీ లేదు.

"తాడు చేతికి చుట్టకు! చుట్టావంటే దాంతో పాటు పోతావు! పట్టుకో, అంతే!"

"పట్టుకున్నాను అరవకు!" వెల్డరు మొహంలో వేళాకోళం ఎప్పుడో దిగిపోయింది. మెడనరాలు ఉబ్బాయి. బూటు కింద ఇటుక పొడి జరజరమని జారింది, ఆగింది.

రసమట్టం ఒక అడుగు ముందుకు వేసి వెల్డరు నడుం వెనక ప్యాంటుని గుప్పిట బిగించి పట్టుకున్నాడు. ఇంకో చేత్తో పక్కనున్న పైపు పట్టుకున్నాడు. కాసేపు ఆ పైపూ, ఆ ప్యాంటు గుడ్డా, రసమట్టం రెండు భుజాలూ కలిపితే అదే కంపెనీ వారి భద్రతా ఏర్పాటు.

తాత చెయ్యి కిందికి ఆడించాడు. పెట్టె రబ్బరు ప్యాడ్ల మీద కూర్చుంది. ఫ్రేము ఒక్కసారి మూలిగింది.

ఏమీ కాలేదు. ఏమీ కాని రోజులే ఎక్కువ. వీళ్ళ ధైర్యమూ అదే, ఓనరు ధీమా కూడా అదే.

"గుడ్డ చినిగేది" అన్నాడు వెల్డరు చెమట తుడుచుకుంటూ. "కొత్త ప్యాంటు."

రసమట్టం జేబులోంచి రసమట్టం తీసి పెట్టె మీద పెట్టాడు. బుడగ మధ్యకి వచ్చి ఆగేదాకా కన్నార్పలేదు.

రసమట్టం ఇంట్లో ముందుగదినంతా బావమరిది మంచమే ఆక్రమించింది. తుంటి ఎముకకి ప్లేటు వేసి, ఎడమ కాలు కదపొద్దని డాక్టరు చెప్పి పంపి పన్నెండు రోజులు. కంపెనీ వేరే సైటులో పైనుంచి పడి నలభై రోజులు. తలుపు తీస్తే మంచం అంచు తగులుతుంది. చెప్పులు విప్పడానికి కూడా జాగా లేదు.

భార్య, తమ్ముడి మొహం తడిగుడ్డతో తుడుస్తోంది. తుడవడం కన్నా రుద్దడం ఎక్కువగా ఉంది.

"చిన్నప్పట్నుంచీ అంతే నీకు. అన్నీ తొందరే. బళ్ళో కూడా బెల్లు కొట్టక ముందే సంచి సర్దేవాడివి. కట్టిన బెల్టు కట్టినట్టు ఉంచుకుంటే నీ సొమ్మేం పోయిందిరా? బరువా? దురదా? ఎందుకు విప్పావు?"

"ఉక్కగా ఉందక్కా."

"ఉక్కగా ఉందంట! ఇప్పుడు చల్లగా ఉందా? మీ బావ అక్కడే ఉన్నాడు కదా. అంత మనిషి ముందు కూడా నీ బుద్ధి పోనిచ్చుకోలేదు." భర్త వైపు తిరిగింది. "మీరైనా రెండు తగిలించాల్సింది. మీరు మెతక."

రసమట్టం గోడకానుకుని కూర్చుని తింటున్నాడు. నీళ్ళు తాగాడు. నలభై రోజులుగా ఆవిడ ఇదే అడుగుతోంది, వాడు ఇదే చెబుతున్నాడు. ఉక్క, దురద, బద్ధకం. రోజుకో కారణం. కారణాలు అయిపోతే మళ్ళీ ఉక్క దగ్గర మొదలు.

ఆవిడ బకెట్టు తీసుకుని బయటి పంపు దగ్గరికి వెళ్ళింది.

"కాగితం ఇచ్చారా బావా?" అన్నాడు బావమరిది గొంతు తగ్గించి.

"రేపిస్తారంట."

"సంతకం పెట్టెయ్యి."

రసమట్టం ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"నేనడిగాను కదా ఆ రోజు. ఈ ఒక్క యూనిట్ కూర్చునేదాకా ఉంచనా బావా అని. నువ్వు 'విప్పరా, బండి వెళ్ళిపోతోంది' అన్నావు. అది నేనెవరికీ చెప్పలేదు. అక్కకి కూడా. చెప్పనులే." వాడు పైకప్పు వైపు చూస్తూ నవ్వాడు. "నాకెలాగూ తిట్లు పడతాయి. ఇద్దరికెందుకు దండగ? నీ పని కూడా పోతే ఈ మంచం ఎక్కడ వేసుకోవాలి?"

బయట పంపు ఆగిన చప్పుడైంది. రసమట్టం గబగబా కంచం తీసుకుని లేచాడు. చెయ్యి కడుక్కుంటున్నంతసేపూ నీళ్ళ శబ్దం పెద్దగా వచ్చేలా చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓనరు ఆఫీసు. రసమట్టానికి కుర్చీ చూపించాడు. ఇరవై రెండేళ్ళలో ఆ కుర్చీ ఎన్నోసార్లు చూశాడు గానీ అందులో కూర్చోవడం ఇదే మొదలు.

"మీ బావమరిది ఎలా ఉన్నాడు? కుర్రాడు బంగారం. పాపం, తొందరపడ్డాడు." ఓనరు కాగితం తోశాడు. "కార్మిక శాఖ విచారణ మేడం రేపు సైటుకే వస్తానంది. నేనే రమ్మన్నాను. మా పని పద్ధతి కళ్ళారా చూడండి అన్నాను. రేపంతా పద్ధతిగా ఉండాలి. కొత్త బెల్టులు నాలుగు తెప్పించాను. అవన్నీ అయ్యాక ఈ కాగితం మీద ఆవిడ ముందే సంతకం పెట్టెయ్యి. అయిపోతుంది."

రసమట్టం చదివాడు. కూడబలుక్కుంటూ నెమ్మదిగా చదివాడు. 'పని ప్రదేశ బాధ్యుడినైన నేను తెలియజేయునది. కంపెనీ వారు ఇచ్చిన బెల్టును సదరు కార్మికుడు ధరించెను. ఫొటో జతపరచడమైనది. అనంతరం ఎవరి ప్రమేయమూ లేకుండా తన ఇష్టప్రకారం తొలగించి...'

"బాధ్యుడంటే ఎవరు సార్?"

"నువ్వే."

"నేను మేస్త్రీని కదా."

"ఇప్పుడే చేశాను." ఓనరు నవ్వాడు. "ఉత్త మేస్త్రీ చెప్పాడంటే బరువుండదు. బాధ్యుడు చెప్పాడంటే బరువు. అందులోనూ సొంత బావ. సొంత బావే వాడి తప్పని చెబితే ఇంక ఎవరు ఎదురు మాట్లాడతారు చెప్పు?"

అదన్నమాట. వాణ్ణి మూలన పడేసింది చాలక, మూలనే ఉంచడానికి వాడి ఇంటి మనిషే కావలసివచ్చాడు. సంతకం పెడితే పడ్డ తప్పు జన్మంతా పడ్డవాడిదే, కంపెనీ నుంచి పైసా పరిహారం రాదు. పెట్టకపోతే మరి విప్పమన్నదెవరని అడుగుతారు. అది అడిగిన రోజున ఆ మాట ఆసుపత్రి డాబా మీద ఆగదు. ఇంటికొస్తుంది, ముందుగదిలో మంచం అంచున తడిగుడ్డ పట్టుకుని కూర్చున్న మనిషి దాకా వస్తుంది.

"ఆలోచించడానికేముంది?" అన్నాడు ఓనరు.

"ఏం లేదు సార్." కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. రసమట్టం పక్కనే.

ఆ రోజంతా మొదటి యూనిట్కి పైపులు అతికారు. రాగి పైపు లోపలికి నైట్రోజన్ వదిలి, బయట మంట పెట్టి, కరిగిన కడ్డీ అతుకు చుట్టూ పాకేదాకా చూడటం రసమట్టానికి ఎంతో ఇష్టమైన పని. ఆ రోజు రెండు అతుకులు పాడుచేశాడు. ఫిట్టరు ఆశ్చర్యంగా చూశాడు.

మూడో రోజు పొద్దున్న డాబా గుర్తుపట్టలేనట్టు తయారైంది.

కింద క్రేను చుట్టూ ఎర్ర తెల్ల చారల రిబ్బను కట్టారు. రోగులు వెళ్ళే దారి అటువైపు మళ్ళించారు. రిబ్బను దగ్గర వాచ్‌మన్ని నిలబెట్టారు. కొత్త బెల్టులు నాలుగు, సంచిలో కాదు, మేకుకి వేలాడుతున్నాయి. చివరికి ఉక్కు తీగ చుట్ట కూడా వచ్చింది.

"ఇదేంటి, బట్టలారేసుకోవడానికా?" అన్నాడు వెల్డరు.

"లైఫ్ లైను" అన్నాడు సూపర్వైజరు కాస్త సిగ్గుగా. "దీనికి కొక్కెం తగిలించుకోవాలంట."

"అంటే కొక్కెం నిజంగా దేనికో తగిలించేదేనన్నమాట! మూడేళ్ళుగా నగ అనుకున్నాను."

రసమట్టం ఫోనులో టైము చూశాడు. తొమ్మిదీ పది. ఎందుకు చూశాడో తనకే తెలియదు. కొలిచే అలవాటు.

లిఫ్టు గది కాంక్రీటు స్తంభం ఒక పక్క, నీళ్ళ ట్యాంకు స్తంభం ఒక పక్క. రెండింటి మధ్యా అంచుకు ఆరడుగులు వెనగ్గా తీగ లాగారు. స్తంభం మూలలకి తీగ కోసుకుపోకుండా పాత రబ్బరు ముక్కలు పెట్టించాడు. ఒక్కో చివర మూడేసి క్లాంపులు. "క్లాంపు వీపు బరువు లాగే తీగ మీద పడాలి, మిగిలిన తోక మీద కాదు. తిప్పు. ఇంకోటి కూడా తిప్పు." ఫిట్టరు తిప్పాడు. బిగించే మర తిప్పుతుంటే తీగ నేల మీంచి లేచి, తీగలా కాకుండా కడ్డీలా నిలబడింది. రసమట్టం దాని మీద తన బరువంతా వేసి వేలాడాడు. కదల్లేదు. వెల్డరు కూడా వచ్చి వేలాడాడు. తాత కూడా రాబోతే నవ్వి ఆపారు. బెల్టు తాడు కొలిచి, అంచు దాకా మాత్రమే అందేలా, అంచు దాటితే అందకుండా ముడి పెట్టాడు.

మళ్ళీ టైము చూశాడు. తొమ్మిదీ నలభై అయిదు.

ముప్పై అయిదు నిమిషాలు.

రసమట్టం ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ ఇదేదో పెద్ద కంపెనీలకే సాధ్యమయ్యే వ్యవహారమనుకున్నాడు. రోజులు పడుతుందనుకున్నాడు, ఇంజనీర్లు రావాలనుకున్నాడు. ముప్పై అయిదు నిమిషాలు. టీకి వెళ్ళొచ్చేంత సేపు. క్రేనువాడు ఆలస్యమైతే ఊరికే కూర్చునేంత సేపు. ఆ ముప్పై అయిదు నిమిషాలూ మిగుల్చుకోవడానికి వాడి తుంటి ముక్కలైంది. ఆ నిమిషాలు మిగిల్చి ఇచ్చింది తన నోరే.

"మేస్త్రీ గారూ, మేడం వచ్చారు!"

విచారణ మేడం మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. నడివయసు మనిషి. చంకలో ఫైళ్ళు, కాళ్ళకి అరిగిన చెప్పులు. ఎండకి కళ్ళు చికిలించి చూసింది. ఓనరు వెనకాలే వచ్చి గొడుగు పట్టబోతే వద్దని చేత్తో పక్కకి తోసింది. "మీ పని మీరు చేసుకోండి. నేను చూస్తాను."

రెండో యూనిట్ లేచింది. జానెడు లేపి ఆపడం, బరువు చూడటం, తాడు విసరడం. అన్నీ మొన్నటిలాగే. గాలి మాత్రం మొన్నటికన్నా ఎక్కువగా ఉంది. మూడో అంతస్తు దాటాక పెట్టె ఒక్క విసురుకి తిరిగి వెల్డరు వైపు వచ్చింది. వెల్డరు తప్పుకోబోయి వెనక్కి అడుగువేశాడు. మడమ కింద ఇటుక ముక్క దొర్లింది. మనిషి పక్కకి, అంచు వైపుకి తూలాడు.

టప్పుమని బెల్టు బిగుసుకుంది.

అంతే. తీగ ఒకసారి జివ్వుమని ఊగింది. వెల్డరు అంచుకు జానెడు దూరంలో, ఒరిగిన గుంజలా ఏటవాలుగా ఆగిపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి. తన నడుం వైపు చూసుకున్నాడు. మళ్ళీ తీగ వైపు చూశాడు.

"అమ్మో" అన్నాడు. "ఇది పనిచేస్తుందిరా!"

తాత చెయ్యి గాల్లోనే ఆగింది. క్రేను ఆగింది. రసమట్టం మాత్రం వెల్డరుని చూడటం లేదు. ఆ బెల్టు తాడు వైపు చూస్తున్నాడు. దాని స్థానంలో ఏమీ లేని ఇంకో అంచు, ఇంకో రోజు అతని కళ్ళకి కట్టింది.

"కానివ్వండి" అన్నాడు. "నెమ్మదిగా. తాతా, వేలెడు వేలెడు దించు."

పెట్టె కూర్చుంది. తలుపు లోపలివైపుకే.

"భేష్" అన్నాడు ఓనరు. "చూశారా మేడం? మా దగ్గర రోజూ ఇంతే. ఆ కుర్రాడు కూడా బెల్టు ఉంచుకుని ఉంటే ఇవాళ ఇలాగే నవ్వుతూ తిరిగేవాడు. మా బాధ్యుడు, పడ్డవాడికి స్వయంగా బావ, వాంగ్మూలం రాసి తెచ్చాడు. ఇవ్వవయ్యా."

రసమట్టం కాగితం తీశాడు. మేడం మడతలు విప్పి చదివింది. పెన్ను అందించింది.

అతను పెన్ను తీసుకోలేదు.

"ఇందులో ఒక ముక్క తప్పుందండీ."

"ఏ ముక్క?"

"తన ఇష్టప్రకారం అని ఉంది. వాడి ఇష్టం కాదు. వాడు ఉంచుకుంటానన్నాడు." మేడం చేతిలోని కాగితం మీద ఆ ముక్క దగ్గర వేలు పెట్టాడు. "విప్పమన్నది నేను."

కింద క్రేను ఇంజను గుడగుడమంటోంది.

"మేస్త్రీ గారూ!" సూపర్వైజరు అడుగు ముందుకేశాడు. "మీరు కంగారులో..."

"కంగారేం లేదు సార్. మీరు సంచి తెరిచి పట్టుకుని నిలబడ్డారు, నేను విప్పమన్నాను. ఆ బెల్టులు అవతలి సైటులో ఫొటోకి కావాలి. రోజూ విప్పమంటాను. మొన్న ఈ డాబా మీద కూడా విప్పించాం. వీళ్ళందరూ ఉన్నారు, అడగండి."

ఓనరు మొహం ఒక్క క్షణం నల్లబడింది. అంతలోనే తెరిపిన పడింది. మనిషి తెలివైనవాడు, దారి వెంటనే దొరికింది.

"విన్నారా మేడం! మేమెప్పుడైనా విప్పమన్నామా? మేం బెల్టులు కొనిచ్చాం. ఈయన సొంత తెలివితో విప్పించాడు. తప్పంతా ఈయనది, ఈయన నోటితోనే ఒప్పుకున్నాడు. రాసుకోండి. కంపెనీకి ఇందులో ఏ సంబంధమూ లేదు."

రసమట్టం తల వంచుకున్నాడు. ఇది ఇలాగే అవుతుందని తెలుసు. తెలిసే నోరు విప్పాడు. వాడి మీద పడ్డది తీసి తన మీద వేసుకున్నాడు, అంతవరకే అనుకున్నాడు.

మేడం వెంటనే ఏమీ రాయలేదు. కాగితాన్ని ఎండకి అడ్డం పెట్టుకుని ఇంకోసారి చదివింది.

"ఇది టైపు చేయించింది ఎవరు?"

"మేమే. ఆఫీసులోనే" అన్నాడు ఓనరు.

"ఈయన ఆ రోజు పని ప్రదేశానికి బాధ్యుడు. అలాగే ఉంది కదా ఇందులో?"

"అవును... అంటే..."

"కంపెనీ తరఫున?"

ఓనరు సూపర్వైజరు వైపు చూశాడు.

"మీ బాధ్యుడు విప్పమంటే మీరు విప్పమన్నట్టే కదండీ." ఆవిడ గొంతులో కోపం లేదు, విసుగుంది. ఇలాంటి డాబాలు చాలా ఎక్కి దిగిన విసుగు. "మేస్త్రీ చెప్పాడంటే ఏమో, తోటి పనివాడు ఏదో అన్నాడనుకునేదాన్ని. మీరే ఈయన్ని పెద్దవాణ్ణి చేశారు. ఆ కుర్రాడు తన అజాగ్రత్త వల్ల పడ్డాడన్న మాట ఇక్కడితో సరి." కాగితం ఫైల్లో పెట్టుకుంది. రసమట్టం వైపు తిరిగింది. "మీ తప్పు కూడా రాస్తాను. దాన్ని వదలను."

"రాయండమ్మా."

"ఇంకెవరైనా చెప్పేది ఉందా?"

ఫిట్టరు తన చేతులకేసి చూసుకుంటున్నాడు. తాత దగ్గాడు. అప్పుడు వెల్డరు, బెల్టు ఇంకా తీగకి తగిలించి ఉండగానే, తాడు అందినంత మేర ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా ఫొటో కూడా ఉందండీ. మొన్నటిది. అందులో నవ్వుతున్నాను చూడండి. ఆ నవ్వు మా సూపర్వైజరు గారు నవ్వమంటే నవ్విందే. అది కూడా రాయండి."

మేడం మొదటిసారి నవ్వబోయి ఆపుకుంది. పెన్ను మూత తీసింది.

ఆవిడ మెట్లు దిగాక ఓనరు రసమట్టం దగ్గరికి వచ్చాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "సామాను దించేసి దిగు. రేపట్నుంచి రానక్కర్లేదు."

"బోల్టులు నాలుగూ బిగించి దిగుతాను సార్. వదులుగా వదిలితే మోటారు అదురుకి జరుగుతుంది. కింద మనుషులు నడుస్తారు."

నాలుగూ బిగించాడు. ఎదురెదురు మూలలు, కొంచెం కొంచెంగా, ఒక్కోటి మూడు విడతలు. పక్కన వెల్డరు స్పానర్ అందిస్తూనే ఉన్నాడు, అడక్కుండానే.

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. ఈ వేళప్పుడు ఎప్పుడూ రాని మనిషి రావడం చూసి భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"కూర్చో. చెప్పాలి."

"నిలబడితే వినబడదా? చెప్పండి."

మంచం మీంచి బావమరిది తల అటూ ఇటూ ఆడించాడు, వద్దు బావా అన్నట్టు. రసమట్టం అటు చూడకుండా చెప్పాడు. ఎక్కువ మాటలు పట్టలేదు. వాడు అడిగింది ఒక వాక్యం, తాను అన్నది ఒక వాక్యం. నలభై రోజులు మోసిన బరువు, తీరా చెబితే గుక్కెడు ఊపిరికి సరిపోయింది.

ఆవిడ చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టడానికి జాగా వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసింది. చివరికి కిటికీలో పెట్టింది.

"నేను తిడుతుంటే రోజూ ఇక్కడే కూర్చుని తిన్నారు" అంది.

"తిన్నాను."

"వాడు ఉక్కగా ఉందంటుంటే వింటూ తిన్నారు."

అతను మంచం వైపు చూశాడు.

ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి తమ్ముడి నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. ఈసారి రుద్దలేదు. "నువ్వెందుకురా నోరు మూసుకున్నావు?"

"నీ తిట్లకి అలవాటు పడిపోయానక్కా. లేకపోతే పొద్దు పోవడం లేదు."

ఆవిడ మొహం తిప్పుకుంది. పమిట చెంగు కళ్ళ దాకా వెళ్ళి, దారిలోనే మనసు మార్చుకున్నట్టు ఆగింది. తర్వాత భర్త వైపు చూసింది. ఆ చూపులో క్షమ లేదు, దాని జాడ కూడా లేదు.

"రేపట్నుంచి పని లేదన్నారుగా?"

"లేదు."

"అయితే వాణ్ణి పక్కకి తిప్పడం, తుడవడం, బయటికి తీసుకెళ్ళడం, ఇవాళ్టి నుంచి అన్నీ మీవే. వీపు పుండు పడుతోంది. ఇప్పుడే తిప్పాలి. రండి."

రసమట్టం చేతులు కడుక్కుని వచ్చాడు. ఒక చెయ్యి భుజాల కిందికీ, ఒక చెయ్యి తుంటి కిందికీ పోనిచ్చాడు. ఇన్ని బరువులు లేపినవాడికి ఇది ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

"అక్కడ కాదు బావా, ప్లేటు ఉంది" అన్నాడు వాడు పళ్ళు బిగించి. "కొంచెం కిందికి. ఆఁ. ఇప్పుడు లేపు. ఆగు... ఆగు... నెప్పి. సరే, ఇప్పుడు నీ వైపుకి."

చెప్పినట్టే ఆగాడు. చెప్పినట్టే తిప్పాడు.